పాడెల్ కొత్తగా నేర్చుకుంటున్నాను, ఏ రాకెట్ కొనుక్కోవాలి?

ప్రశ్న: నా వయసు 39. కాలేజీ రోజుల్లో షటిల్ బాగా ఆడేదాన్ని. మూడు నెలలుగా వారానికి రెండు రోజులు పాడెల్ (చుట్టూ గోడలున్న కోర్టులో, తీగలు లేని రాకెట్‌తో ఆడే టెన్నిస్ లాంటి ఆట) ఆడుతున్నాను. ఇన్నాళ్లూ కోర్టు దగ్గర అద్దెకిచ్చే రాకెట్‌తోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కుందామనుకుంటే, మా ఆఫీసులో బాగా ఆడే ఒకాయన "ఎలాగూ ఆర్నెల్లకు మార్చాల్సిందే కదా, ఇప్పుడే డైమండ్ షేప్‌లో ఫుల్ కార్బన్‌ది తీసుకోండి" అన్నారు. ఆయన రాకెట్ రెండు రోజులు వాడి చూశాను. సరిగ్గా తగిలిన షాట్ బ్రహ్మాండంగా వెళ్లింది, మిగతావన్నీ నెట్‌లో పడ్డాయి. రెండో రోజు రాత్రి నుంచి మోచేయి బయటివైపు సన్నగా నొప్పి. నీళ్ల సీసా ఎత్తినా తెలుస్తోంది. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకరు తేలికది కొనమంటారు, ఇంకొకరు తేలికది వద్దంటారు. 3కె, 12కె, 18కె అంటూ ఆ అంకెలు చూస్తే టెన్షన్ వస్తోంది. కొత్తవాళ్ల తప్పులను కాస్త ఓర్చుకునే రాకెట్‌ను ఎలా గుర్తుపట్టాలి? అదే రాకెట్‌తో మావారు కూడా ఆడొచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ మోచేయి సంగతి చూద్దాం, రాకెట్ మాట తర్వాత. మోచేయి బయటివైపు నొప్పి, అదీ ఏదైనా పట్టుకుని ఎత్తినప్పుడు తెలియడం అంటే కాస్త జాగ్రత్తపడాల్సిందే. టెన్నిస్ ఎల్బో అనేది చాలామందికి ఇలాగే మొదలవుతుంది. మణికట్టును వెనక్కి వంచే ముంజేతి కండరాలు మోచేయి బయటి ఎముకకు అతుక్కునే చోట టెండన్ మీద పదే పదే భారం పడి ఆ నొప్పి వస్తుంది. మీది అదేనని ఉత్తరం చదివి నేను చెప్పలేను. మీ ఆఫీసులో ఆయన రాకెట్ మాత్రం ఆయనకు తిరిగి ఇచ్చేయండి. నొప్పి తగ్గేదాకా ఆట ఆపండి. రెండు వారాలైనా తగ్గకపోతే, లేదా చేతి పట్టు సడలుతున్నట్టు అనిపిస్తే, డాక్టర్‌కో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి. మెత్తటి రాకెట్ కొంటే నొప్పి దానంతట అదే పోతుందని మాత్రం అనుకోకండి. మంచి రాకెట్ చేతిమీద భారం తగ్గిస్తుంది, వచ్చిన నొప్పికి అది మందు కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పాడెల్ మొదలుపెట్టిన ఏడాదే, బాగా ఆడేవాళ్ల చేతుల్లో చూసి, బరువంతా తలవైపు ఉన్న రాకెట్ ఒకటి కొన్నాను. మూడు వారాలకు మోచేయి పట్టేసింది. నాలుగు నెలలు తలుపు గడియ కూడా ఎడమచేత్తోనే తీయాల్సి వచ్చింది. నొప్పి పోయింది కానీ, సరిగ్గా నేర్చుకోవాల్సిన ఆ నాలుగు నెలలు ఊరికే పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీకు అలా జరగకూడదు.

ఇక మీ ప్రశ్న. ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో మీరే చక్కగా రాశారు: తగిలింది బ్రహ్మాండంగా వెళ్లింది, మిగతావి నెట్‌లో పడ్డాయి. రాకెట్ ఎంచుకోవడానికి కావాల్సిన సమాచారమంతా ఆ రెండో ముక్కలో ఉంది. మనలో చాలామంది రాకెట్‌ను చేతిలోకి తీసుకుని, బంతి ఒక్కసారి 'ఠాక్' మని తగలగానే ఇదే నా రాకెట్ అనుకుంటాం. ఆ ఒక్క షాట్ ఏ రాకెట్‌తోనైనా బాగానే ఉంటుంది. ఆలస్యంగా చేయి చాచినప్పుడు, గాజు గోడ నుంచి బంతి అనుకున్నదానికంటే దగ్గరగా వచ్చినప్పుడు, ఊపిరి ఆడక చేయి సగమే ఊపినప్పుడు బంతి ఎక్కడికి వెళ్తోందో చూడాలి. ఇప్పుడు మీరు ఆడే ఆటలో ఎక్కువ భాగం ఆ షాట్లే. కాబట్టి రాకెట్‌ను మీ చెడ్డ షాట్లతో పరీక్షించి కొనండి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఆకారం, బరువు, ఫోమ్, కార్బన్ అన్నీ దీనికి లోబడే ఉంటాయి.

పాడెల్ రాకెట్‌కు తీగలు ఉండవని మీకు తెలుసు. లోపల ఫోమ్, దాని మీద రెండు వైపులా ఫైబర్ పొర, చుట్టూ ఫ్రేము, మధ్యలో రంధ్రాలు. నియమాల ప్రకారం పొడవు 45.5 సెంటీమీటర్లకు, వెడల్పు 26 సెంటీమీటర్లకు, మందం 38 మిల్లీమీటర్లకు మించకూడదు. అంటే అన్ని కంపెనీలూ దాదాపు ఒకే కొలతల్లో తయారు చేస్తాయి. తేడా అంతా ఆ కొలతల లోపల బరువును ఎక్కడ పెట్టారు, లోపలిది ఎంత మెత్తగా ఉంది అన్నదాంట్లోనే వస్తుంది.

ఆకారాలు ముఖ్యంగా మూడు. గుండ్రటిది, నీటిచుక్కలా ఉండేది, డైమండ్. గుండ్రటి రాకెట్‌లో వెడల్పైన భాగం తల మధ్యలో ఉంటుంది. బంతి హాయిగా తగిలే చోటు, స్వీట్ స్పాట్ అంటామే, అదీ మధ్యలోనే, కాస్త విశాలంగా ఉంటుంది. డైమండ్‌లో వెడల్పు పైకి జరుగుతుంది, దాంతో పాటు బరువూ స్వీట్ స్పాట్ కూడా పైకి జరుగుతాయి, ఆ చోటు చిన్నదవుతుంది. బంతి తలకు మించిన ఎత్తులో దొరికి, చేయి పూర్తిగా చాచి స్మాష్ కొట్టేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. కొత్తవాళ్లకు బంతి సాధారణంగా ఎక్కడ తగులుతుంది? ఒంటికి దగ్గరగా, ఆలస్యంగా, రాకెట్ కిందిభాగంలో. డైమండ్‌లో ఆ కిందిభాగం దాదాపు నిర్జీవంగా ఉంటుంది. అక్కడ తగిలిన బంతి సగం దూరంలో కూలిపోతుంది. మీ బంతులు నెట్‌లో పడడానికి మీ చేతకానితనం కారణం కాదు, దయచేసి అలా అనుకోకండి.

నీటిచుక్క ఆకారం ఈ రెండింటికీ మధ్యలోది. ఇంతకుముందు టెన్నిస్ ఆడి, స్వింగ్ కుదిరినవాళ్లు దాంతో మొదలుపెట్టినా ఇబ్బంది ఉండదు. మీకు గుండ్రటిదే మేలు.

మీరు షటిల్ నుంచి వచ్చారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. షటిల్ రాకెట్ బరువు సుమారు 80 నుంచి 90 గ్రాములు. పాడెల్ రాకెట్ సుమారు 350 నుంచి 375 గ్రాములు, అంటే నాలుగింతలు. షటిల్‌లో మన బలం చాలావరకు ముంజేయి, మణికట్టు విసురులో ఉంటుంది. ఏళ్ల తరబడి చేయి అలా అలవాటు పడిపోయింది కాబట్టి, పాడెల్ కోర్టులో బంతి కనిపించగానే మణికట్టు తనంతట తాను విసురుతుంది. నాలుగింతల బరువును, అదీ తలవైపు ఎక్కువ బరువున్నదాన్ని, అలా విసిరి ఆపితే ఆ భారం ముంజేతి మీదుగా మోచేతికే చేరుతుంది. పాడెల్‌లో మణికట్టు గట్టిగా ఉండాలి, కదలిక భుజం నుంచి రావాలి, స్వింగ్ చిన్నగా ఉండాలి. ఇది కోచ్ దగ్గర నాలుగైదు క్లాసుల్లో సర్దుకునే విషయమే. అలవాటు మారేదాకా మాత్రం మీ మోచేతికి తల తేలికగా ఉన్న రాకెట్ తప్పనిసరి. షటిల్ ఆడినవాళ్లకు కన్ను చురుకు, నెట్ దగ్గర చేయి చురుకు. ఆ రెండూ పాడెల్‌లో పెద్ద ఆస్తి. వాలీలు, అంటే బంతి నేల తాకకముందే కొట్టే షాట్లు, మీకు అందరికంటే ముందే కుదురుతాయి.

ఇప్పుడు ఆ తేలిక, బరువు గొడవ. తేలికది కొనమన్నవాళ్లదీ, వద్దన్నవాళ్లదీ ఇద్దరి మాటా నిజమే. వాళ్లు చెప్పేది రెండు వేర్వేరు విషయాల గురించి. మొత్తం బరువు ఒకటి, ఆ బరువు ఎక్కడ ఉందన్నది ఇంకొకటి. రెండోదాన్నే బ్యాలెన్స్ అంటారు. చీపురును పిడి దగ్గర పట్టుకుని గాల్లోకి ఎత్తి చూడండి, తర్వాత తిరగేసి కుచ్చు దగ్గర పట్టుకుని ఎత్తండి. బరువు మారలేదు, చేతికి మాత్రం రెండూ వేరుగా ఉంటాయి. ఊపేటప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఒక గ్రాము చేతికి రెట్టింపు దూరంలో ఉంటే, దాన్ని ఊపడానికి, ఆపడానికి నాలుగింతల శ్రమ పడుతుంది. అందుకే 350 గ్రాముల డైమండ్ రాకెట్ 365 గ్రాముల గుండ్రటిదానికంటే చేతికి బరువుగా అనిపించవచ్చు. నన్నడిగితే రాకెట్ మీద రాసే అంకెలన్నిటిలోనూ కొత్తవాళ్లు ముందు చూడాల్సింది బ్యాలెన్స్ అంకెనే. చాలామంది దాన్ని చూడనే చూడరు.

బ్యాలెన్స్‌ను పిడి అడుగు నుంచి సెంటీమీటర్లలో లెక్కిస్తారు. సుమారు 25.5 లోపు ఉంటే బరువు చేతివైపు ఉన్నట్టు, 26 దగ్గర ఉంటే మధ్యలో, 26.5 దాటితే తలవైపు ఉన్నట్టు. కంపెనీ ఆ అంకె ఇవ్వకపోయినా మీరే చూసుకోవచ్చు. స్కేలు అంచును నిలబెట్టి దాని మీద రాకెట్‌ను అడ్డంగా పెట్టండి, ఏ చోట అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుందో అక్కడి నుంచి పిడి చివరిదాకా టేపుతో కొలవండి. రెండు మూడు రాకెట్లు పక్కపక్కన పెట్టి ఇలా చూస్తే అర సెంటీమీటరు తేడా కూడా చేతికి తెలుస్తుంది.

మొత్తం బరువు మీకు 350 నుంచి 360 గ్రాముల మధ్య ఉంటే సరిపోతుంది. 340 కంటే తక్కువకు వెళ్లకండి. రాకెట్ మరీ తేలికైతే వేగంగా వచ్చిన బంతి రాకెట్‌నే వెనక్కి నెడుతుంది, ఆ అదురు చేతికి ఎక్కువగా చేరుతుంది, బంతిని అవతలికి పంపడానికి మీరే గట్టిగా ఊపాల్సి వస్తుంది. కాబట్టి తేలికదానితోనూ మోచేయి నొప్పి రావచ్చు. ఇంకో మాట, డబ్బా మీద బరువును తరచుగా '355 నుంచి 370' అన్నట్టు ఒక హద్దులోనే ఇస్తారు. ఒకే మోడల్‌లో రెండు రాకెట్లకు పది, పదిహేను గ్రాముల తేడా ఉండొచ్చు. కొనేముందు తూకం వేయమని అడగడానికి మొహమాటపడకండి. ఆపైన పిడికి ఓవర్‌గ్రిప్ (పలచటి పట్టీ) చుడితే ఇంకో అయిదు గ్రాములు కలుస్తాయని గుర్తుంచుకోండి.

లోపలి ఫోమ్ విషయానికి వద్దాం. ఎక్కువ రాకెట్లలో ఉండేది ఈవీఏ, బూట్ల అడుగున వాడే మెత్తటి పదార్థమే. అందులో సాఫ్ట్, మీడియం, హార్డ్ అని రకాలు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే గట్టిగా ఉన్నది ఎక్కువ బలం ఇస్తుందని సహజంగా అనిపిస్తుంది. వేగంగా ఊపేవాళ్లకు అది నిజం. గట్టి రాకెట్ అణగదు కాబట్టి వాళ్ల వేగమంతా బంతిలోకి వెళ్తుంది. మెల్లగా ఊపేవాళ్లకు జరిగేది దీనికి తలకిందులు. మెత్తటి ఫోమ్ బంతి తగలగానే కాస్త లోపలికి అణిగి మళ్లీ బయటికి నెడుతుంది, పరుపు మీద వేసిన బంతిలా కాదు, ట్రాంపోలిన్ మీద వేసినట్టు. మీరు సగం బలంతో అడ్డుపెట్టినా బంతి నెట్ దాటి వెనక గోడదాకా వెళ్తుంది. గట్టి ఫోమ్‌తో అదే షాట్ నెట్ కిందికి వెళ్తుంది. అప్పుడు మనమేం చేస్తాం? ఇంకా గట్టిగా కొడతాం. గట్టిగా కొడితే గురి తప్పుతుంది, బంతి మధ్యలో తగలదు, రాకెట్ చేతిలో మెలి తిరుగుతుంది, ఆ మెలికను ఆపడానికి ముంజేయి బిగుసుకుంటుంది. మీకు ఆ రెండు రోజుల్లో జరిగింది సరిగ్గా ఇదేనని నా నమ్మకం.

సాఫ్ట్ అనే మాటకు అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఒకరి సాఫ్ట్ ఇంకొకరి మీడియం కావచ్చు. బొటనవేలితో నొక్కి చూస్తే కూడా పెద్దగా తెలియదు, పైన ఫైబర్ పొర ఉంటుంది కాబట్టి. బంతిని రాకెట్ మీద పదిసార్లు ఎగరేసి చెవి పెట్టి వినండి. మెత్తటిది 'దబ్' మని ముతకగా పలుకుతుంది, గట్టిది 'టక్' మని పదునుగా పలుకుతుంది. రెండింటినీ వెంటవెంటనే వింటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. చలిలో ఫోమ్ బిగుసుకుంటుంది, ఎండలో ఇంకా మెత్తబడుతుంది. మీరు ఎక్కువగా చల్లటి వేళల్లో ఆడితే సాఫ్ట్ తీసుకోండి. మండే ఎండలో ఆడేవాళ్లకు మరీ సాఫ్ట్ రాకెట్ ముద్దలా అయిపోయి బంతి ఎటు పోతుందో తెలియకుండా పోతుంది. అలాంటివారికి సాఫ్ట్‌కూ మీడియంకూ మధ్యస్థంగా ఉన్నది నయం.

మిమ్మల్ని భయపెట్టిన 3కె, 12కె, 18కె గురించి రెండు ముక్కల్లో చెప్తాను. కార్బన్ గుడ్డను సన్నటి పోగులతో నేస్తారు. ఒక్కో కట్టలో 3,000 పోగులుంటే 3కె, 12,000 ఉంటే 12కె. అంతే. అంకె పెద్దదైతే రాకెట్ గొప్పదని కాదు, ఎంత గట్టిగా ఉందో కూడా ఆ అంకె ఒక్కటే చెప్పదు. ఎన్ని పొరలు వేశారు, ఏ జిగురు వాడారు, కింద ఏ ఫోమ్ ఉంది అన్నవన్నీ కలిసి గట్టితనాన్ని తేలుస్తాయి. మీరు ఆ అంకెలను పూర్తిగా వదిలేయండి. ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న రాకెట్ కార్బన్‌కంటే ఎక్కువగా వంగుతుంది, కాబట్టి మెల్లగా ఊపే చేతికి సాయం చేస్తుంది. కార్బన్ ఎక్కువ కాలం నిలుస్తుంది, గట్టిగా ఉంటుంది. మీకు ఫైబర్‌గ్లాస్ ముఖం, కార్బన్ ఫ్రేము ఉన్నది దొరికితే చాలు. పైన ఇసుక కాగితంలా గరుకుగా ఉండే పూత స్పిన్ కోసం. ఇప్పుడు దాని కోసం వెతకనక్కర్లేదు.

ఆఫీసులో ఆయన అన్నమాట మంచి మనసుతో అన్నదే. ఆర్నెల్లకు ఎలాగూ మార్చాల్సిందే అనడంతో మాత్రం నేను ఏకీభవించను. పాడెల్ కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, చుట్టూ గోడలు. సర్వీస్ నడుము ఎత్తుకు మించకుండా కింది నుంచి చేయాలి. గట్టిగా కొట్టిన బంతి వెనక గాజుకు తగిలి తిరిగి వచ్చి అవతలివాళ్లకు తేలిగ్గా దొరుకుతుంది. కాబట్టి మొదటి ఏడాది, ఆ మాటకొస్తే చాలా ఏళ్లు, పాయింట్లు వచ్చేది లాబ్ (అవతలివాళ్ల తల మీదుగా ఎత్తుగా పంపే బంతి) లోతుగా వేయడం వల్ల, గోడ నుంచి వచ్చిన బంతిని ఓపికగా తిప్పి పంపడం వల్ల, నెట్ దగ్గర వాలీని కాళ్ల దగ్గరికి తోయడం వల్ల. ఈ మూడు పనులకూ గుండ్రటి రాకెట్టే అనువైనది. పాడెల్‌ను ఎంతో ఇష్టంగా పదేళ్లుగా ఆడుతూ, గుండ్రటి రాకెట్ వదలని మంచి ఆటగాళ్లను నేను చూశాను. అది మొదటి మెట్టు రాకెట్ మాత్రమే అన్న అభిప్రాయం తప్పు.

ఎప్పుడు మార్చాలో మీ రాకెట్టే చెప్తుంది. గంట ఆడిన తర్వాత దాని ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. బంతి నూగు రాసుకున్న మచ్చలు కనిపిస్తాయి. ఇప్పుడు అవి ముఖమంతా, ఫ్రేము అంచుల మీద కూడా చెదిరి ఉంటాయి. అవి అరచేయంత చోటికి చేరి, స్మాష్‌లో బంతి ఇంకా వేగంగా వెళ్తే బాగుండునని మీకే అనిపిస్తే, అప్పుడు నీటిచుక్క ఆకారం ప్రయత్నించండి. అద్దె రాకెట్‌తో ఆడినా ఈ మచ్చలు చూడొచ్చు.

గ్రిప్ గురించి చాలామంది ఆలోచించరు, మోచేతికి మాత్రం అది చాలా ముఖ్యం. పాడెల్ రాకెట్లు సాధారణంగా ఒకే సైజు సన్నటి పిడితో వస్తాయి, పైన ఓవర్‌గ్రిప్ చుట్టి మనకు సరిపోయేలా చేసుకోవాలి. పిడి మరీ సన్నగా ఉంటే చేతిలో తిరగకుండా ఉండాలని తెలియకుండానే గట్టిగా బిగిస్తాం. పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతి మెత్తకూ మధ్య రెండో చేతి చూపుడువేలు పట్టేంత సందు ఉండాలి. వేళ్లు అరచేతిని తాకుతుంటే ఇంకో ఓవర్‌గ్రిప్ చుట్టండి. దీనివల్ల పిడివైపు బరువు పెరిగి బ్యాలెన్స్ కూడా కొద్దిగా చేతివైపు జరుగుతుంది, అది మీకు మంచిదే. చెమటకు జారడం మొదలైతే వెంటనే మార్చండి. పిడి చివరి తాడును మణికట్టుకు తప్పకుండా తగిలించుకోండి. అది నియమం, పక్కన ఆడే మనిషి ముఖం బాగుండాలంటే కూడా అవసరం.

కొనేముందు ఆడి చూసే అవకాశం ఉన్నచోటే కొనండి. మోచేయి పూర్తిగా తగ్గాకే సుమా. రెండు రాకెట్లు తీసుకుని ఒక్కోదానితో అరగంట ఆడండి. తోటి ఆటగాడిని బంతి మీ ఒంటికి నేరుగా వేయమనండి, చేయి ఊపే చోటు లేనప్పుడు అడ్డుపెడితే అది నెట్ దాటుతోందా చూడండి. వెనక గాజు నుంచి వచ్చిన బంతిని వంగి, ఆలస్యంగా అందుకున్నప్పుడు లాబ్ ఎంత లోతుకు వెళ్తోందో చూడండి. బంతి రాకెట్ అంచు దగ్గర తగిలినప్పుడు పిడి చేతిలో ఎంత తిరుగుతోందో గమనించండి. అన్నిటికంటే ముఖ్యంగా చివరి పది నిమిషాలు, అలసిపోయాక. రాకెట్ తల కిందికి వాలిపోతుంటే, వాలీకి దాన్ని ఎత్తడం ఆలస్యమవుతుంటే, అది మీకు బరువు. మీ మంచి షాట్లను ఆ గంటసేపు లెక్కలోకే తీసుకోకండి. ఆట చూసే స్నేహితురాలెవరైనా ఉంటే, నెట్‌లో పడ్డ బంతుల్ని రెండు రాకెట్లకూ విడిగా లెక్కపెట్టమనండి. ఆ లెక్క డబ్బా మీది రాతలకంటే నమ్మకమైనది.

వాడిన రాకెట్ కొనాలనుకుంటే ఫ్రేము చుట్టూ, పిడి తలను కలిసే చోటా పగుళ్లు వెతకండి. ముఖం మీద అక్కడక్కడ వేళ్లతో తట్టితే ఒకచోట పగిలిన కుండలా వేరే శబ్దం వస్తే వదిలేయండి. ఫోమ్ కాలంతోపాటు జీవం కోల్పోతుంది, పైకి మెరుస్తున్నా లోపల చచ్చిపోయి ఉండొచ్చు. కొత్తదైనా ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే అదే గతి. ఫ్రేము తలమీద రక్షణ టేపు అవసరమే కానీ, దళసరిది వేస్తే ఆ గ్రాములన్నీ తలవైపే చేరతాయి. పలచటిది చాలు.

రాకెట్ మీద ఇంత శ్రద్ధ పెట్టి బంతులను మర్చిపోవద్దు. నియమాల ప్రకారం 2.54 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన పాడెల్ బంతి 135 నుంచి 145 సెంటీమీటర్లు ఎగరాలి. గాలి తగ్గిన పాత బంతి అంత ఎగరదు. దాన్ని అవతలికి పంపడానికి ప్రతిసారీ ఎక్కువ బలం వాడతాం, పైగా తెలియకుండానే. మోచేయి నొప్పి అని నాకు రాసేవాళ్లను బంతులు ఎన్నాళ్ల క్రితంవని నేను ముందు అడుగుతాను.

మీవారి విషయం. మొదట్లో ఇద్దరూ ఒకే రాకెట్ వాడుకోవచ్చు, కలిసి ఒకే కోర్టులో ఆడనంత కాలం. కొనేటప్పుడు మాత్రం మీ చేతికి సరిపోయేదే కొనండి. 355 గ్రాముల గుండ్రటి రాకెట్‌తో ఆయన హాయిగా ఆడగలరు, ఆయనకు నచ్చిన 375 గ్రాములదానితో మీ మోచేయి ఆడలేదు. ఆయన చేయి పెద్దదైతే గ్రిప్ దగ్గర ఇబ్బంది వస్తుంది, ఇద్దరికీ ఒకే మందం సరిపోకపోవచ్చు. అలాంటప్పుడు ఆయన ఇంకొన్నాళ్లు అద్దె రాకెట్‌తో ఆడడమే నయం.

నొప్పి తగ్గాక, డాక్టర్‌కు చూపించుకుని ఉంటే వాళ్లు సరే అన్నాక, తిరిగి మొదలుపెట్టిన మొదటి వారం అరగంటకు మించి ఆడకండి, స్మాష్‌లు అసలే వద్దు. మర్నాడు ఉదయం అదే నీళ్ల సీసాను నిండుగా నింపి, చేయి ముందుకు చాచి ఎత్తి చూడండి. ఏమీ తెలియకపోతే తర్వాతి రోజు ఆడండి. కొంచెం తెలిసినా ఇంకో రెండు రోజులు ఆగండి.